మడమలో మేకు, ముందు మారథాన్: ఏది ఆపాలి, ఏది ఆపకూడదు

మంచం దిగి బాత్రూమ్ దాకా మా ఇంట్లో పదకొండు అడుగులు. జూలైలో ఒకరోజు తెల్లవారుజామున 4:40కి అలారం ఆపి కుడికాలు కింద పెట్టగానే మడమలోకి మేకు దిగినట్టు జివ్వుమంది. మొదటి నాలుగడుగులు గోడ పట్టుకుని, తర్వాతి మూడు పాదం అంచు మీద కుంటుకుంటూ వేశాను. మిగతా నాలుగూ మామూలుగానే పడ్డాయి. మనల్ని ముంచేది ఆ మామూలు అడుగులే. ముఖం కడుక్కుని వచ్చేసరికి నొప్పి లేదు. షూస్ వేసుకుని గ్రూపుతో కలిసి 18 కిలోమీటర్లు పరుగెత్తి వచ్చాను. సాయంత్రం ఆఫీసులో కుర్చీలోంచి లేచేటప్పుడు మేకు మళ్లీ దిగింది.

నాలుగేళ్లలో ఇది మూడోసారి. మొదటిసారి పరుగు పూర్తిగా మానేశాను. రెండోసారి ఏదీ మానకుండా లాగించాను. రెండూ బెడిసికొట్టి, ఒక ఫుల్ మారథాన్‌ని, అంటే 42.2 కిలోమీటర్ల రేసుని, మడమకే సమర్పించుకున్నాను. ఈసారి అక్టోబరులో బెంగళూరు మారథాన్‌కి పేరిచ్చి ఉంది, చేతిలో 12 వారాలున్నాయి, మడమేమో మొరాయించింది. మీదీ కాస్త అటూ ఇటూగా ఇదే కథ అయితే, నేను తూచి చూసుకున్న దారులు పనికొస్తాయేమో చూడండి. నేను డాక్టర్ని కాను. కర్నూలు నుంచి వచ్చి బెంగళూరులో సర్జాపూర్ రోడ్డు పక్కన ఉంటున్నాను. పగలు సాఫ్ట్‌వేర్ పని, రాత్రి అమెరికా వాళ్లతో కాల్స్, మధ్యలో చిక్కిన టైంలో పరుగు. అంతే నా అర్హత.

ముందు నొప్పి పేరు తేల్చుకోండి

ఆపాలా, తగ్గించాలా అన్నది తర్వాతి సంగతి. ముందు తేలాల్సింది నొప్పి అరికాలి పట్టీదా, ఎముకదా అని. అరికాలి కింద మడమ ఎముక నుంచి వేళ్ల మొదళ్ల దాకా, వింటికి కట్టిన నారిలా ఒక మందపాటి పట్టీ ఉంటుంది. అది మడమకి అతుక్కున్న చోట పాడైతే దాన్ని ప్లాంటార్ ఫేసియైటిస్ అంటారు. మన పత్రికల్లో మడమశూల అని రాస్తారు. దాని తీరు ఒకటే: పొద్దున మొదటి అడుగు నరకం, నడిచేకొద్దీ సర్దుకుంటుంది, చాలాసేపు కూర్చుని లేస్తే మళ్లీ పట్టుకుంటుంది. నొప్పి మడమ కింద, కాస్త లోపలి వైపుకి ఉంటుంది.

ఎముకలో సన్నటి పగులు, అంటే స్ట్రెస్ ఫ్రాక్చర్ అయితే తీరు తలకిందులు. పరుగెత్తేకొద్దీ నొప్పి పెరుగుతుంది, రాత్రి పడుకున్నా సలుపుతుంది, ఒక్క వేలితో ఇక్కడే అని చూపించగలుగుతారు. పగులు మడమలో ఉంటే రెండు పక్కల నుంచీ అరచేతులతో నొక్కినప్పుడు ఓర్చుకోలేరు. ఒంటికాలి మీద గెంతమంటే భయమేస్తుంది. ఇందులో ఏ ఒక్కటి కనిపించినా ఈ వ్యాసం పక్కన పెట్టి ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్లండి. మొదటి రెండు మూడు వారాల్లో ఇలాంటి పగులు ఎక్స్-రేలో చాలాసార్లు కనిపించదు, ఎంఆర్ఐలో దొరుకుతుంది. మా గ్రూపులో ఒకతను ఎక్స్-రే బాగుందని చెప్పి మూడు వారాలు కుంటుతూనే పరుగెత్తాడు. పాదం పైభాగంలో ఉండే నావిక్యులర్ ఎముక అప్పటికే పగిలి ఉంది. రక్తం తక్కువగా అందే ఎముక అది, మానడానికి మొండికేస్తుంది. అతను మళ్లీ మా మధ్య పరుగెత్తడానికి చాలా నెలలు పట్టింది.

నెలసరి తప్పుతున్న అమ్మాయిలు, బరువు తగ్గాలని తిండి కోసేస్తూ కిలోమీటర్లు పెంచుతున్నవాళ్లు ఎముక సంగతి మొదట అనుమానించాలి. తిండి చాలకపోతే శరీరం ఎముకల దగ్గర కూడా పొదుపు చేస్తుంది. విటమిన్ డి కూడా ఓసారి చూపించుకోండి, ఏసీ గదుల్లో బతికే మనకి అది తక్కువగా ఉండటం మామూలే. అరికాల్లో మంట, తిమ్మిరి ఉంటే నరం సంగతి. రెండు మడమలూ ఒకేసారి నొప్పిపెడుతూ, పొద్దున నడుము కూడా అరగంటకి పైగా పట్టేస్తుంటే కీళ్లవాతం డాక్టర్ చూడాలి.

ఇంకొక్క మాట. మా నాన్నకి ఎక్స్-రే తీసి "ఎముక పెరిగింది" అన్నారు, ఆయన ఏడాదంతా ఆ పెరిగిన ఎముకని తిట్టుకుంటూ గడిపారు. ఆ ముల్లులాంటి పెరుగుదల నొప్పి ఏమాత్రం లేనివాళ్ల మడమల్లో కూడా బోలెడుమందికి ఉంటుంది. దాన్ని చూసి బెదిరిపోకండి.

మానేయడం, తగ్గించడం, బదులు వేరేది చేయడం

అది పట్టీ నొప్పే అని తేలిందనుకుందాం. ఇప్పుడు మూడు దారులు.

పూర్తిగా మానేయడం చాలా తెలివైన పనిలా కనిపిస్తుంది. ఇంట్లోవాళ్లు మెచ్చుకుంటారు, డాక్టరూ తేలిగ్గా అదే రాసేస్తారు. మొదటిసారి నేను అదే చేశాను. ఐదు వారాలు అడుగు కూడా పరుగెత్తలేదు. మూడో వారానికే మేకు మాయమైంది. ఆరో వారం ఎగిరి గంతేసి గ్రూపులో చేరి ఆదివారం 16 కిలోమీటర్లు కొట్టాను. సోమవారం పొద్దున మళ్లీ గోడ పట్టుకున్నాను, ఈసారి ఏడడుగులు.

ఎందుకో అర్థం కావడానికి నాకు రెండేళ్లు పట్టింది. విశ్రాంతి ఇస్తే నొప్పి తగ్గింది, అది నిజం. కానీ ఆ ఐదు వారాల్లో పిక్కలూ పట్టీ బరువు మోసే అలవాటు కొంత పోగొట్టుకున్నాయి. నేను మాత్రం పాత కాలిని నమ్మి పాత దూరం మోయించాను. మొదటిసారి నొప్పి వచ్చినవాళ్ల సంగతేమో గానీ, తిరగబెట్టే నొప్పికి ఉత్త విశ్రాంతి సరిపోదని నా గట్టి అభిప్రాయం. అయినా విశ్రాంతే సరైన రోజులు కొన్ని ఉన్నాయి. నడకలో కుంటుతున్నప్పుడు, నొప్పి పదికి ఐదు దాటినప్పుడు, తిరగబెట్టిన మొదటి వారం పది రోజులు. ఆ కొద్ది రోజులకే దమ్ము పోతుందని టెన్షన్ పడకండి. రెండు వారాల్లో పోయేది చాలా తక్కువ, రేసు రోజు దాన్ని గుర్తుపట్టలేరు కూడా.

ఆపకుండా లాగించడం ఒక దారే కాదు గానీ మనలో సగం మంది చేసేది అదే కాబట్టి చెబుతున్నాను. "వేడెక్కితే పోతుంది కదక్కా, వచ్చేయండి" అని గ్రూపులో తమ్ముళ్లు పిలుస్తారు. వేడెక్కితే పోయే మాట నిజమే. రెండోసారి నాకు సెప్టెంబరు దాకా అలాగే పోయింది. మడమని కాపాడుకోవడానికి తెలియకుండానే పాదం బయటి అంచు మీద పరుగెత్తుతూ వచ్చాను. దాంతో ఎడమ మోకాలు కూడా తోడైంది. రేసుకి మూడు వారాల ముందు రెండు కాళ్లూ నావి కావు.

ఇక తగ్గించి పరుగెత్తడం. చాలామంది వారానికి 50 కిలోమీటర్లు ఉంటే అన్నిట్లోనూ కొంచెం కొంచెం కోసి 35 చేస్తారు. మడమకి కిలోమీటర్లన్నీ ఒకటి కావు. నేను కోసే వరస ఇది: ముందు ఇంటర్వల్స్ (వేగంగా కొట్టే చిన్న ముక్కలు), ఎత్తు రోడ్ల మీద పరుగులు పోతాయి. ఎందుకంటే వేగంలోనూ ఎక్కుడులోనూ పిక్క లాగుడు, పట్టీ లాగుడు రెండూ పెరుగుతాయి. తర్వాత లాంగ్ రన్, అంటే వారంలో అన్నిటికంటే పెద్ద పరుగు, దాని పొడవు. మెల్లగా, మాట్లాడుకుంటూ పరుగెత్తే 5, 6 కిలోమీటర్లని ఆఖరి దాకా ఉంచుతాను. మా కోచ్‌కి ఈ వరస నచ్చదు, లాంగ్ రన్ లేని మారథాన్ తయారీ ఏమిటంటాడు. ఆయన మడమ ఆయనది.

ఎంత తగ్గించాలో చెప్పేది మాత్రం పరుగులో నొప్పి కాదు, మర్నాడు పొద్దున మంచం దిగే మొదటి అడుగు. పరుగులో ఒళ్లు వేడి మీద ఉంటుంది, పక్కనవాళ్లతో పోటీ, చెవుల్లో పాట. అప్పుడు మడమ చెప్పేది సరిగ్గా వినబడదు. నేను ఫ్రిజ్ పక్కన వేలాడే తెలుగు క్యాలెండర్‌లో, పాలప్యాకెట్ల లెక్క కింద, రోజూ ఒక అంకె వేస్తాను. సున్నా అంటే ఏమీ లేదు, పది అంటే అడుగు వేయలేను. జూలై చివరి వారం గడులు ఇలా ఉన్నాయి: మంగళవారం 5 కి.మీ., బుధవారం పొద్దున 3. గురువారం 5 కి.మీ., శుక్రవారం 3. శనివారం ఎలాగూ మూడే కదా అని 9 కి.మీ., ఆదివారం 6. ఆ ఆరు చుట్టూ మా ఆయన ఎర్ర పెన్నుతో గీత గీసి "శభాష్" అని రాశాడు.

అంకె మూడు లోపు ఉండి, నిన్నటి కంటే పెరగకపోతే అదే దూరం మళ్లీ. మూడు రోజులు వరసగా రెండు లోపుంటే వచ్చే పరుగుకి ఒక కిలోమీటరు కలుపుతాను. నాలుగు దాటితే ఆ రోజు పరుగు లేదు, సైకిలు. ఇది ఎక్కడా శిలాశాసనం కాదు, నా ఫిజియో దగ్గర నేర్చుకుని నా కాలికి సరిచేసుకున్న కొలత.

మూడో దారి, పరుగు బదులు వేరేది. ఇందులో మారథాన్‌కి బాగా దగ్గరగా వచ్చేది లోతు నీళ్లలో పరుగు. నడుముకి ఫోమ్ బెల్టు కట్టుకుని, కాళ్లు అడుగుకి తగలకుండా, నిటారుగా తేలుతూ పరుగు కదలికలే చేయడం. తర్ఫీదు ఉన్న రన్నర్లు నాలుగు నుంచి ఆరు వారాల దాకా దీంతోనే దమ్ము నిలబెట్టుకోగలరని పరిశోధనల్లో తేలింది. చిక్కేమిటంటే మన అపార్ట్‌మెంట్ కొలనులు చాలావరకు నాలుగడుగుల లోతు. కాలు అడుగుకి తగులుతుంది, పైగా పిల్లలు నీళ్లు చిమ్ముతుంటారు. లోతైన కొలను ఉన్న ఈత కేంద్రంలో పొద్దున బ్యాచ్ వెతుక్కోవాలి. ఇంకో చిక్కు విసుగు. నీళ్లలో 45 నిమిషాలు అంటే రేషన్ లైన్లో 45 నిమిషాలే. రెండు నిమిషాలు గట్టిగా, ఒక నిమిషం మెల్లగా అని ముక్కలు చేసుకుంటే కాస్త నయం.

సైకిల్ తేలిక, దమ్ముకి మంచిది, మడమకి దెబ్బ తగలదు. అవుటర్ రింగ్ రోడ్డు మీద తొక్కమని మాత్రం నేను ఎవరికీ చెప్పను, జిమ్‌లో కదలని సైకిల్ చాలు. కాకపోతే సైకిల్ మీద ఎంత చెమటోడ్చినా పాదాలకి నేలని తన్నే అలవాటు రాదు. నెల రోజులు సైకిల్ తొక్కి దమ్ము దండిగా పెంచుకున్న మనిషి మొదటి పరుగులోనే కాలు పాడుచేసుకోవడం నేను చూశాను. గుండె సిద్ధంగా ఉంటుంది, పాదం ఉండదు.

కాబట్టి ఈసారి నేను ఎంచుకున్నది కలగలుపు. మొదటి రెండు వారాలు పరుగు రెండే రోజులు, 4 నుంచి 5 కిలోమీటర్లు. సైకిల్ రెండు రోజులు, నీళ్లు ఒక రోజు. మూడో వారం నుంచి పరుగు మూడు రోజులు. సైకిలూ నీళ్లూ చివరి దాకా ఉన్నాయి.

ఏ దారి పట్టినా మానకూడనిది

మెట్టు అంచు మీద నిలబడి మడమలు ఎత్తి దించడం. ఇది నాలుగో దారి కాదు, పై మూడిటిలో ఏది పట్టినా పక్కన సాగాల్సిందే. చుట్టిన తువ్వాలు కాలివేళ్ల కింద పెట్టండి, వేళ్లు పైకి వంగి ఉండాలి. అలా వంగితేనే అరికాలి పట్టీ బిగుస్తుంది. ఒంటికాలి మీద మూడు సెకన్లు పైకి, పైన రెండు సెకన్లు ఆగి, మూడు సెకన్లు కిందికి. రోజు విడిచి రోజు. మొదట ఇక పన్నెండుకి మించి ఎత్తలేను అన్నంత బరువుతో మూడు విడతలు, వారాలు గడిచేకొద్దీ బరువు పెంచి సంఖ్య తగ్గించడం. బరువుకి నేను ఆఫీసు బ్యాగులో 5 కిలోల సోనామసూరి సంచీ పెట్టుకుంటాను. మెట్ల మీద పక్కింటావిడ చూసి బియ్యం తెచ్చుకోవడానికి ఇంత కష్టపడుతున్నానని జాలిపడింది.

పిక్క, అరికాలు సాగదీస్తే చాలదా అని అడుగుతారు. 2014లో డెన్మార్క్‌లో 48 మంది మీద ఈ రెండు పద్ధతుల్నీ పోల్చి చూశారు. మూడు నెలల దగ్గర బరువు మోసినవాళ్లు బాగా ముందున్నారు. ఏడాది తిరిగేసరికి ఇద్దరూ ఒకటే. రేసు లేనివాళ్లకి ఏదైనా పరవాలేదన్నమాట. 12 వారాల్లో రేసున్న నాకు ఆ మూడు నెలలే ముఖ్యం. అయినా సాగదీయడం వదల్లేదు. మంచం దిగేముందు కాలు కాలు మీద వేసుకుని వేళ్లని చేత్తో వెనక్కి లాగి పది లెక్కపెట్టడం, పదిసార్లు. దీనివల్ల పదకొండు అడుగుల్లో గోడ అవసరం పోయింది.

మొదటి రెండు వారాలు ఈ వ్యాయామం నొప్పిగానే ఉంటుంది. "తగ్గడంలేదు సార్, మానేయనా?" అని ఫిజియోని అడిగితే, "మేడమ్, మీరు నాలుగేళ్లు తెచ్చుకున్న నొప్పిని నన్ను నాలుగు రోజుల్లో తీయమంటున్నారు" అన్నాడు.

కాపడమా, ఐసా, చెప్పులా, సూదా

మా అమ్మ ఫోన్లో ఉప్పు మూట కాపడం పెట్టుకోమంటుంది. జిమ్‌లో కుర్రాడు ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన నీళ్ల సీసాని అరికాలి కింద దొర్లించమంటాడు. రెండూ ఆ పూటకి హాయినిస్తాయి, రెండూ రోగాన్ని నయం చేయవు. ఏది ఇష్టమైతే అది చేసుకోండి. షుగర్ ఉన్నవాళ్లు మాత్రం పాదాల్లో స్పర్శ తగ్గి ఉంటే వేడి, ఐసు రెండిటికీ దూరంగా ఉండాలి, కాలినా తెలియదు.

చెప్పుల సంగతి వేరు, అది నిజంగా పనిచేసింది. మనం రోజంతా ఇంట్లో గట్టి టైల్స్ మీద వట్టి కాళ్లతో తిరుగుతాం. పొద్దున వంటగదిలో గంటసేపు నిలబడటం మడమకి పరుగు కంటే తక్కువేం కాదు. మెత్తటి ఎంసీఆర్ (స్పాంజిలాంటి రబ్బరు) చెప్పుల జత ఒకటి ఇంట్లోకే అని విడిగా కొన్నాను. మంచం పక్కనే ఉంటాయి, గుమ్మం దాటవు, పూజగది వైపు పోవు. మా అమ్మ కర్నూలు నుంచి వచ్చినప్పుడు "ఇంట్లో చెప్పులేంది మే, ఆస్పత్రా ఏమన్నానా?" అంది. వారం తర్వాత ఆమె మోకాళ్లకి కూడా ఒక జత కొనాల్సి వచ్చింది.

షూస్‌లో వేసుకునే ఇన్‌సోల్ దుకాణంలో దొరికేదే చాలు. వేలకి వేలు పోసి అచ్చు తీయించి చేయించుకుంటే అంతకంటే గొప్ప ఫలితం ఉంటుందని నాకు అనిపించలేదు. పరుగు షూస్ 500 నుంచి 800 కిలోమీటర్లకి అరిగినట్టే లెక్క, రెండు జతలు మార్చి మార్చి వాడితే మంచిది. మడమ నొప్పిలో ఉన్నప్పుడు మడమ ఎత్తు అసలు లేని షూస్‌కి మారకండి. వేగం కోసం అడుగున గట్టి కార్బన్ పలక పెట్టిన కార్బన్ ప్లేటు షూస్ రేసుకి అట్టిపెట్టుకోండి. వాటితో పరుగెత్తాక నావిక్యులర్ ఎముక దెబ్బతిన్న ఐదుగురి సంగతి 2023లో వైద్య పత్రికలకెక్కింది. షూసే వద్దు, వట్టి కాళ్లే సహజం అనేవాళ్లు శివనాథ్ సింగ్ పేరు చెబుతారు. ఆయన 1978లో జలంధర్‌లో 2 గంటల 12 నిమిషాల్లో మారథాన్ పూర్తిచేసి దశాబ్దాలపాటు చెక్కుచెదరని రికార్డు పెట్టాడు, వట్టి కాళ్లతో పరుగెత్తడంలో పేరుపడ్డాడు. కానీ ఆయన చిన్నప్పటి నుంచీ వట్టి కాళ్ల మీద పెరిగాడు, నేను స్వివెల్ కుర్చీలో పెరిగాను.

సూది గురించి ఖచ్చితంగా చెబుతాను. రెండోసారి, రేసుకి నెల ముందు, ఒక డాక్టర్ మడమలో స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేస్తానన్నారు. కొన్ని వారాలు నొప్పి లేకుండా చేసే శక్తి దానికుంది. పట్టీ తెగే ప్రమాదం కూడా ఉంది, ముఖ్యంగా నొప్పి తెలియక దాని మీద 42 కిలోమీటర్లు దంచితే. నడవలేనివాళ్లకి అది ఒక వైద్యమే, రేసు కోసం వేయించుకునేది మాత్రం కాదు. రేసు పొద్దున ఇబుప్రోఫెన్ లాంటి పెయిన్‌కిల్లర్ మింగి వెళ్లడం కూడా అంతే, చెమటతో నీళ్లు తగ్గిన ఒంట్లో ఆ మాత్రలు కిడ్నీల మీద పడతాయి.

బెంగళూరులో మడమకి ఏ దారి మంచిది

సముద్రానికి 900 మీటర్ల పైన ఉన్న ఊరు కాబట్టి ఎండ విషయంలో చెన్నై వాళ్ల కంటే మనం అదృష్టవంతులం. నేల విషయంలో కాదు. ఎటు పరుగెత్తినా ఎక్కుడూ దిగుడూ, ఫుట్‌పాత్ మీద కదిలే రాళ్లు.

కబ్బన్ పార్కులో పొద్దున పూట బండ్లుండవు, తారు నున్నగా ఉంటుంది, చీకట్లోనూ తోడు దొరుకుతుంది. లాల్‌బాగ్ తోట 240 ఎకరాలు, మట్టి అంచులు బాగుంటాయి, కానీ ఏడు దాటితే నడిచేవాళ్ల మధ్య నుంచి దారి చేసుకోవాలి. తోటలో ఉన్న కొండరాతి మీదికి మాత్రం మడమ తగ్గేదాకా ఎక్కకండి. పరుగయ్యాక పక్కనే ఎంటీఆర్‌లో రవ్వ ఇడ్లీ ఉందన్నది వైద్యానికి సంబంధం లేని విషయం, అయినా నా ఓటు మీద దాని ప్రభావం ఉంది. హెబ్బాళ వైపు ఉండేవాళ్లకి జీకేవీకే వ్యవసాయ విశ్వవిద్యాలయం మట్టిదారులు ఉన్నాయి. మట్టి మెత్తన కాబట్టి మంచిదని కళ్లు మూసుకుని నమ్మకండి, గుంటల్లో పాదం అటూ ఇటూ మెలికపడితే పట్టీకి అదీ భారమే. కంఠీరవ స్టేడియం ట్రాక్ మీద ఎప్పుడూ ఎడమకే మలుపు, ఎక్కువసేపు వద్దు. ట్రెడ్‌మిల్ విసుగే కానీ వేగం, ఎత్తు మన చేతిలో ఉంటాయి, వర్షాకాలం సాయంత్రాలకి అదే గతి.

వీటన్నిటిలో నాకు నచ్చింది మా ఇంటి దగ్గరి కైకొండ్రహళ్లి చెరువు. చుట్టూ దాదాపు 2 కిలోమీటర్లు, చదును. అసలు కారణం చదును కాదు. నొప్పి పుడితే ఏ చుట్టులోనైనా ఆపేసి పది నిమిషాల్లో ఇంట్లో ఉంటాను. గ్రూపుతో నంది కొండల వైపు వెళ్లినప్పుడు పన్నెండో కిలోమీటర్లో మడమ లేస్తే బండి పన్నెండు కిలోమీటర్ల వెనక ఉంటుంది, ఇక పరుగెత్తక చేసేదేముంది? తిరగబెట్టే నొప్పి ఉన్నవాళ్లు చుట్టు తిరిగే దారుల్లోనే ఉండటం మేలు, ఎంత బోరు కొట్టినా.

ఫుల్లా, హాఫా, వాయిదానా

మన దగ్గర రేసంటే పెళ్లిలాంటిది, శుభలేఖలు పంచేశాక వెనక్కి తీసుకోవడం నామోషీ. ఆఫీసులో చెప్పేశాం, ఊళ్లో అత్తగారికి తెలుసు, గ్రూపులో పేరు పక్కన 42.2 అని ఉంది. కట్టిన ఫీజు ఎలాగూ పోయింది. పోయిన డబ్బు కోసం కాలు పోగొట్టుకోవద్దని చెప్పడం తేలిక, చేయడానికి నాకు రెండు రాత్రులు పట్టింది.

నా గీత ఇది. రేసుకి ఐదు వారాల ముందు ఒక 26 కిలోమీటర్ల పరుగు పూర్తయి, మర్నాటి అంకె మూడు లోపు ఉంటే ఫుల్. లేకపోతే హాఫ్, అంటే 21 కిలోమీటర్లు. మూడు వారాల ముందు 15 కిలోమీటర్లకే అంకె నాలుగైదు వస్తుంటే హాఫ్ కూడా వద్దు. పోయిన లాంగ్ రన్‌లని ఆఖరి రెండు వారాల్లో కూరడం మాత్రం ఏ పరిస్థితిలోనూ చేయను, ఆ రెండు మూడు వారాలు ఎవరికైనా తగ్గించుకునే కాలమే. ఆగస్టు చివర నాకు 20 దగ్గరే నాలుగు వచ్చింది. హాఫ్‌కి మారిపోయాను. చాలా రేసుల్లో గడువు లోపల దూరం మార్చుకోనిస్తారు, నియమాలు ముందే చదివి పెట్టుకోండి. మార్చుకోవడం కుదరక మీ బిబ్ (ఛాతీకి తగిలించుకునే రేసు నంబరు) ఇంకెవరికో ఇచ్చేయడం మాత్రం తప్పు. ఆ నంబరు మీద మీ వివరాలుంటాయి, దారిలో అతనికి ఏదైనా అయితే ఫోన్ మీ ఇంటికి వస్తుంది.

ఏ రేసు అన్నదీ ఒక ఎంపికే. మే, జూన్లలో నొప్పి మొదలైతే ఆగస్టు హైదరాబాద్ మారథాన్‌ని మర్చిపోండి, ఫ్లైఓవర్లెక్కి దిగే ఆ దారి మడమకి శిక్ష. జూలైలో వస్తే జనవరి మూడో ఆదివారం జరిగే ముంబై వైపు చూడండి. ఆరు నెలలు చేతిలో ఉంటాయి, చాలావరకు చదును, చివర్లో పెద్దర్ రోడ్ ఎత్తు ఒక్కటి మనల్ని చూసి నవ్వుతుంది. కాకపోతే బెంగళూరు చల్లదనంలో తయారైనవాళ్లకి అక్కడి ఉక్కపోత కొత్త, వేగం తగ్గించుకోవాల్సిందే.

నిద్ర గురించి ఒక్క ముక్క. రాత్రి 11:30 దాకా కాల్ ఉన్నరోజు 4:40 అలారం నేను ఇప్పుడు పెట్టను. ఆ పొద్దుటి గ్రూప్ రన్ పోతుంది, ఫొటోలో నేను ఉండను. సాయంత్రం జిమ్‌లో సైకిల్ తొక్కుతాను. ఐదు గంటల నిద్ర తర్వాతి పొద్దున్లలో అంకె ఎక్కువ ఉండటం క్యాలెండర్ చూస్తే నాకే కనబడింది.

హాఫ్ మెల్లగా, చివర్లో నవ్వుతూనే పూర్తిచేశాను. మర్నాడు మూడు, ఆ మర్నాడు రెండు. ఇప్పుడు ముంబైకి లెక్కపెడుతున్నాను. ఈ ఆదివారం 22 కిలోమీటర్లు ఉంది, చెరువు చుట్టూ పదకొండు చుట్లు. సోమవారం పొద్దున క్యాలెండర్‌లో అంకె వేశాకే వచ్చే ఆదివారం 24 చేయాలా, మళ్లీ 22 దగ్గరే ఆగాలా అన్నది తేలుతుంది.